ఆ సందులో మాత్రమే కాలం ఎందుకు ఆగింది?

హైదరాబాదు నుంచి ఒక పాఠకురాలు తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. తాము రాస్తున్న నవలలోని మూడు అధ్యాయాలను కూడా జతచేశారు. పేరు వెల్లడించవద్దని కోరారు గనుక ఉత్తరంలోని విషయాన్ని నా మాటల్లో క్లుప్తంగా చెబుతున్నాను.

ఆమెకు 39 ఏళ్లు. నల్లకుంటలో తల్లి, భర్త, పదేళ్ల కూతురితో ఉంటారు. మాదాపూర్‌లోని ఒక సంస్థలో అమెరికా వేళలకు అనుగుణంగా రాత్రి ఉద్యోగం చేస్తారు. తండ్రికి సుల్తాన్ బజార్ దగ్గర ఒక ఇరుకు సందులో గడియారాలు బాగుచేసే కొట్టు ఉంది. నాలుగేళ్ల కిందట, తెల్లవారుజామున 3 గంటల 10 నిమిషాలకు, ఆయన ఇంట్లోనే గుండెపోటుతో పోయారు. పనిచేసే చోట ఫోన్లు లాకరులో పెట్టి లోపలికి వెళ్లాలి కాబట్టి, 2 గంటల 52 నిమిషాల నుంచి తల్లి చేసిన ఆరు కాల్స్ ఆమె నాలుగున్నరకు బయటికి వచ్చాక గాని చూసుకోలేదు.

ఆ మరుసటి ఏడాది నవల మొదలుపెట్టారు. అందులో హైదరాబాదును పోలిన ఒక నగరం ఉంది. దానిలో ఒక్కో సందులో కాలం ఒక్కో వేగంతో నడుస్తుంది. పెద్ద బజారులో గంట గడిచేసరికి పక్క సందులో ఒక పూట గడిచిపోతుంది, మరో వీధిలో నిన్నటి రోజే మళ్లీ తెల్లవారుతుంది, గడియారాల కొట్టు ఉన్న సందులో మాత్రం కాలం బొత్తిగా కదలదు. అక్కడ ఒక ముసలాయన ఎప్పటికీ ఒకే చేతి గడియారం మీదకు వంగి ఉంటాడు. ఆయన పక్కన కూర్చున్న మనవరాలికి ఎప్పటికీ ఆరేళ్లే. మూడేళ్లలో మూడు వందల పేజీలు వచ్చాయి గాని ముగింపు రాలేదు. చదివి వినిపించిన చోట సాహిత్య మిత్రులు మీ నియమాలు మీరే తప్పుతున్నారన్నారు. వారిలో ఒకరు ఇదంతా విదేశీ సరుకని, తెలుగు కథకు అతకదని అన్నారు. భర్త నవల రాయవద్దనలేదు గాని, "నువ్వు ఇంట్లో ఉండి కూడా ఇంట్లో ఉండటం లేదు" అన్నారు. కూతురు ఒక అధ్యాయం విని, "ఆ పాపకి బడి లేదా అమ్మా?" అని అడిగింది. కొట్టుకు నెలకు ఏడు వేల అద్దె ఇంకా కడుతూనే ఉన్నారు. దసరాలోగా ఖాళీ చేయాలని యజమాని అంటున్నారు, ఒప్పుకోమని తమ్ముడు అంటున్నాడు. బాగుచేసి పెట్టినా ఎవరూ వచ్చి తీసుకుపోని పదకొండు కీ వాచీలు కొట్టులో ఉన్నాయి, ప్రతి ఆదివారం వెళ్లి ఆమె వాటికి కీ ఇచ్చి వస్తారు. "ఇది రచనా, పారిపోవడమా? నవల ముగించాలంటే ఆ సందులో కాలం కదలాలి. కదిలితే..." అని ఉత్తరం చివరి వాక్యం సగంలో ఆగింది.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు, అధ్యాయాలు మూడుసార్లు చదివాను. ముందుగా విదేశీ సరుకన్న మాట తీసి పక్కన పెడదాం, ఎందుకంటే మీ బాధకు మూలం అది కాదు. మన గోడకు వేలాడే పంచాంగంలోనే ఒక తిథి రెండు సూర్యోదయాలను తాకి రెండు రోజులు నిలుస్తుంది, మరొక తిథి ఒక్క సూర్యోదయాన్నీ తాకకుండా మాయమవుతుంది, ముప్పై రెండు ముప్పై మూడు నెలలకొకసారి ఒక నెల అధికంగా వచ్చి ఏ పెళ్లికీ ఏ గృహప్రవేశానికీ పనికిరాకుండా పోతుంది. 1965లో విశ్వావసు నామ సంవత్సరంలో పుట్టినవారికి 2025లో అదే విశ్వావసు తిరిగి వచ్చింది. మీ నగరం విషయానికే వస్తే, నిజాం కాలపు కాగితాల్లో శిస్తు లెక్కలకు వాడిన ఫసలీ సంవత్సరం, హిజ్రీ సంవత్సరం, క్రీస్తు శకం పక్కపక్కనే కనిపిస్తాయి. ఫసలీకీ క్రీస్తు శకానికీ దాదాపు 590 ఏళ్ల తేడా. పాతబస్తీలో "పర్సోం" అంటే మొన్న కావచ్చు, పదేళ్ల కిందట కావచ్చు. ఇటువంటి ఊళ్లో పెరిగిన మనిషికి సందుకొక కాలం తోచడంలో అరువు ఏమీ లేదు.

ఇక అసలు విషయం. మీ మిత్రులు పట్టుకున్న తప్పు నిజమైనదే, కాని వారు దానిని చదవవలసిన తీరులో చదవలేదు. ఆగిన సందులోకి బయటివారెవరు అడుగుపెట్టినా వారి కాలం కూడా అక్కడికక్కడే ఆగుతుందన్నది మీరు పెట్టుకున్న నియమం. రెండో అధ్యాయంలో పాలాయన లోపలికి వెళ్లి బిందెతో సహా అలాగే నిలిచిపోతాడు, తరువాత పోస్టుమ్యాను, ఆ తరువాత తప్పిపోయిన మేకపిల్ల కూడా. కాని ముసలాయన కూతురు మాత్రం నాలుగు చోట్ల ఆ సందులోకి వెళుతుంది, తండ్రితో మాట్లాడుతుంది, తిరిగి బయటికి వస్తుంది, ఆమెకు ఏమీ కాదు. ఆ నాలుగు చోట్లా బజారు గడియారం చూపిన వేళలను నేను గుర్తుపెట్టి చూశాను. నాలుగూ మూడుకీ మూడున్నరకీ మధ్యవే. మీరు ఇది గమనించి రాశారని నేను అనుకోను. మూడు వందల పేజీల నగరాన్నీ, అన్ని సందులనూ, అన్ని వేగాలనూ మీరు కట్టింది ఒక మనిషి ఒక వేళకు ఒక చోటికి చేరుకోవడానికి. ఆమె వచ్చినప్పుడల్లా నియమం తలుపు తీస్తోంది.

మాదాపూర్ నుంచి నల్లకుంటకు రోడ్లన్నీ ఖాళీగా ఉన్న వేళలో కూడా అరగంట పడుతుందనీ, మొదటి కాల్‌కూ చివరి శ్వాసకూ మధ్య ఉన్నది 18 నిమిషాలేననీ నేను మీకు చెప్పనవసరం లేదు, ఆ లెక్క మీరు ఎన్ని వందల సార్లు వేసుకుని ఉంటారో ఊహించగలను. లెక్క సరిపోయినంత మాత్రాన దిగే బరువు కాదిది. అందుకే మీరు లెక్కనే మార్చగల లోకాన్ని కల్పించుకున్నారు. దీనిలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

కాని కథగా అది ఎందుకు ముగియడం లేదో చెప్పాలంటే కకుద్మి దగ్గరికి వెళ్లాలి. భాగవతం నవమ స్కంధంలో ఆ రాజు కూతురు రేవతికి తగిన వరుడెవరో అడుగుదామని ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళతాడు. అక్కడ గంధర్వ గానం జరుగుతుంటే అవకాశం కోసం క్షణకాలం ఆగుతాడు. పాట ముగిశాక తన మనసులోని వరుల మాట చెబితే బ్రహ్మ నవ్వి, నీవనుకున్నవారే కాదు, వారి కొడుకుల, మనుమల పేర్లు కూడా ఇప్పుడు వినబడవు, భూమి మీద 27 చతుర్యుగాలు గడిచిపోయాయి అంటాడు. చతుర్యుగానికి 43 లక్షల 20 వేల సంవత్సరాల లెక్కన అది పదకొండు కోట్ల అరవై ఆరు లక్షలకు పైమాట. ఆ కథలో నన్ను ఎప్పుడూ పట్టి నిలిపేది ఆ అంకె కాదు, తండ్రీకూతుళ్లు తిరిగి వచ్చిన దారి. వారికి వరుడు దొరికాడు, బలరాముడే దొరికాడు, కాని వారిని ఎరిగినవాడు భూమి మీద ఒక్కడూ లేడు. రేవతి పాతకాలపు మనిషి కావడంతో మరీ పొడవుగా ఉండగా బలరాముడు నాగలితో ఆమెను తన కాలపు ఎత్తుకు తగ్గించాడని విష్ణుపురాణం చెబుతుంది. కూతురిని తిరిగి కాలంలోకి తీసుకురావడానికి ఆమె శరీరమే మారవలసి వచ్చింది. రాజు ఆమెను అప్పగించి బదరికి తపస్సుకు వెళ్లిపోయాడు.

కాలాన్ని వంచిన కథలు ఏ భాషలోవైనా నాకు గుర్తుండిపోయినవన్నీ ఇలాగే ఒక చేత్తో ఇచ్చి మరొక చేత్తో తీసుకున్నవే. అర్జెంటీనా రచయిత బోర్హెస్ 1943లో రాసిన ఒక కథలో, కాల్చివేతకు నిలబెట్టిన నాటక రచయితకు దేవుడు తన నాటకం ముగించుకోవడానికి ఒక ఏడాది ఇస్తాడు. తుపాకులు ఆగిపోతాయి, చెంప మీద వాన చుక్క ఆగిపోతుంది, కాని అతడు కూడా కదలలేడు, కలం పట్టలేడు, నాటకమంతా మనసులోనే పూర్తిచేయాలి. చివరి మాట దొరకగానే వాన చుక్క జారుతుంది. మీ నగరంలో పాలాయన చెల్లిస్తున్నాడు, పోస్టుమ్యాను చెల్లిస్తున్నాడు, ఆరేళ్ల పాప అందరికంటే ఎక్కువ చెల్లిస్తోంది. కూతురు పాత్ర మాత్రం ఏమీ చెల్లించకుండా వచ్చి పోతోంది. అందువల్ల ఆమె అయిదోసారి కూడా రావచ్చు, యాభయ్యోసారి కూడా రావచ్చు. ముగింపు రావడానికి దారి ఎక్కడుంది?

మీ మొదటి అధ్యాయంలో ఒక పేజీ ఉంది, దాని కోసమైనా ఈ నవల నిలబడాలని నాకు అనిపించింది. చిన్నప్పుడు మీ నాన్నగారు మిమ్మల్ని సాలార్‌జంగ్ మ్యూజియంలోని సంగీత గడియారం చూపించడానికి తీసుకెళ్లేవారని రాశారు. నేనూ ఆ గుంపులో నిలబడ్డాను. లోపల కమ్మరి బొమ్మ సెకన్లు కొడుతూ ఉంటుంది, గంట సమీపించగానే గడ్డపు బొమ్మ తలుపు తీసుకుని వచ్చి ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొట్టి లోపలికి పోతుంది, పన్నెండు గంటలప్పుడు చూడవలసిందే ఆ జనాన్ని. మీ నవలలో ఆ బొమ్మ బయటికి వచ్చి చెయ్యి ఎత్తి అలాగే ఉండిపోయింది, గంట కొట్టలేదు. చుట్టూ జనం తలలెత్తి నిలబడి ఉన్నారు. అక్కడితో అధ్యాయం ముగించారు. ఆ జనం ఎవరో, వారి కోసం ఏ ఇళ్లలో ఎవరు కంచాలు పెట్టుకుని చూస్తున్నారో, ఎత్తిన చెయ్యి కింద నిలబడిన ఆ తండ్రుల భుజాల మీది పిల్లలకు ఎంత ఆకలిగా ఉందో మీరు ఒక్కసారి కూడా అడగలేదు. అది అడిగిన రోజున కాలం కదలాలని కోరుకునేవారు మీ నవలలోనే పుడతారు. ఆ కోరిక మీరు బయటి నుంచి తెచ్చిపెట్టనవసరం ఉండదు.

మరొక చిన్న సంగతి, వ్యాకరణానిది. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి వర్తమాన, భూత, భవిష్యత్తులతో పాటు తద్ధర్మార్థమని మరొకటి చెప్పాడు. సూర్యుడు తూర్పున ఉదయించును అంటే నిన్నా కాదు, రేపూ కాదు, అది దాని స్వభావం. వాడుక భాషలో ఆ పని "తెరుస్తాడు", "వస్తుంది" వంటి రూపాలు చేస్తాయి, అవే రేపటి మాటకూ పనికివస్తాయి. మీరు ఆగిన సందును మొత్తం భూతకాలంలో రాశారు: ముసలాయన వంగాడు, పాప చూసింది. జరిగిపోయినట్టు చెబితే కాలం నడిచిందనే అర్థం. ఆ సందును తద్ధర్మంలోనూ, బజారును భూతకాలంలోనూ రాసి చూడండి. అప్పుడు సందులో మొదటి భూతకాల క్రియ ఎప్పుడు పడుతుందన్నదే పాఠకుడు ఊపిరి బిగబట్టే చోటవుతుంది.

దీనిని నేను వ్యాకరణం కోసం మాత్రమే చెప్పడం లేదు. మీ ఉత్తరం రెండో పేజీలో "నాన్నగారు ఉదయం పదింటికి కొట్టు తెరుస్తారు" అని ఉంది. ఇంట్లో ఒకరు పోయిన తరువాత క్రియ మారే రోజు ఒకటి వస్తుంది. మా అమ్మ పోయాక చాలా నెలలు "అమ్మ చారులో ఇంగువ వేయదు" అనే అన్నాను. ఒక మధ్యాహ్నం ఎవరో అడిగితే "వేసేది కాదు" అని నోటి వెంట వచ్చింది, ఆ పూట అన్నం సహించలేదు. మీకు ఆ రోజు ఇంకా రాలేదు. ఫలానా తేదీకి రావాలని నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది, నియమాన్ని గట్టిగా పట్టుకుని నవల ముగించడం. అంటే కూతురు పాత్ర కూడా అందరిలాంటిదే కావాలి. సందు మొదట్లో నిలబడిన ఆమె లోపలికి వెళ్లి తండ్రి పక్కన శాశ్వతంగా ఆగిపోవచ్చు, అప్పుడు బయట ఆమె కోసం ఎదురుచూసేవారు నష్టపోతారు. లేదా బయటే నిలబడి తండ్రిని చూసి, పాపను కేకవేసి పిలిచి తీసుకుపోవచ్చు, అప్పుడు ఆమె తండ్రి దగ్గరికి మళ్లీ చేరుకోలేకపోతుంది. రెండూ నిజాయితీ గల ముగింపులే. నేనైతే రెండోదాని వైపు మొగ్గుతాను, కాని మీ పేజీలు మొదటిదాని వైపు నడిచినా ఆశ్చర్యపోను. ఏది ఎంచుకున్నా మీ నాన్నగారు మరోసారి పోయినంత పని అవుతుంది. కనుక ఆ అధ్యాయాన్ని రాత్రి పని ముగించుకుని వచ్చిన తెల్లవారుజామున రాయకండి, సెలవు పెట్టుకుని పగటి పూట రాయండి, ఫలానా వారంలో అది రాస్తున్నానని మీవారికి ముందే చెప్పండి.

రెండో దారి, నవలను కొంతకాలం పక్కన పెట్టి ఆ రాత్రిని ఏ కల్పనా లేకుండా, ఎవరికీ చూపించనవసరం లేకుండా, ఉన్నది ఉన్నట్టు రాసుకోవడం: లాకరు తాళం చెవి, ఆరు మిస్డ్ కాల్స్, ఆటో కోసం నిలబడిన చోటు. కాలాన్ని అసలు వంచకుండానే ఎంత లోతుకు వెళ్లవచ్చో మీ ఊళ్లోనే ఉదాహరణ ఉంది. 1969లో వచ్చిన నవీన్ గారి 'అంపశయ్య' ఉస్మానియా విద్యార్థి ఒక్క రోజు మీద నడిచిన నవల. అయితే ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఆ రాత్రిని సూటిగా రాసుకున్న తరువాత సందుల నగరం మీకు అవసరం లేకపోవచ్చు. మూడు వందల పేజీలు చల్లారిపోవడం చిన్న నష్టమేమీ కాదు, తెలిసే ఆ పనికి దిగాలి.

మూడోది వదిలేయడం. అదేమీ నేరం కాదు, కాని ఇది మీకు తగినదని నేను అనుకోవడం లేదు. కాగితం మీద వదిలినా మీరు బస్సులో, వంటింట్లో ఆ నాలుగు చోట్లనే తిరగరాస్తూ ఉంటారని నా భయం.

పారిపోవడమా అని అడిగారు. మీ ఉత్తరమే రెండు రకాల రోజులను చూపించింది. గడ్డపు బొమ్మ పేజీ రాసిన ఆదివారం మీరు లేచి వచ్చి అమ్మాయికి తలకు నూనె పెడుతూ తాతయ్య మ్యూజియం కబుర్లు చెప్పారు. కూతురు సందులోకి వెళ్లే ఘట్టాన్ని ఏడోసారి తిరగరాసిన రోజు మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా తిని పడుకున్నారు. ఒకే నవల, రెండు పనులు చేస్తోంది. మీవారి మాటను రచన మీది అభ్యంతరంగా తీసుకోకుండా, ఈ రెండో రకం రోజుల గురించి చెప్పిన మాటగా తీసుకుంటే ఆయనతో మాట్లాడటం సులువవుతుంది. ఒకవేళ ఆ రోజులు పెరిగి, పగలు నిద్ర పట్టక, తిండి సహించక, బ్రతకడమే బరువనిపించే స్థితి వస్తే దానిని సాహిత్య సమస్యగా చూడకండి. మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

చివరిగా కొట్టు. నవల ముగిస్తే తప్ప కొట్టు ఖాళీ చేయలేననీ, కొట్టు ఖాళీ చేస్తే నవల కూలిపోతుందనీ మీరు రెంటినీ ఒకే దారంతో కట్టారు. ఆ ముడి విప్పవచ్చు. కొట్టు నిలుపుకోదలిస్తే తమ్ముడితో కూర్చుని అద్దె ఎవరు, ఎంతకాలం కడతారో తేల్చుకోవాలి, యజమాని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా ఆ అద్దె ప్రతి నెలా మీ జీతంలో నుంచే పోతుంది. ఖాళీ చేయదలిస్తే ఆ బల్ల, కంటికి పెట్టుకునే ఆ భూతద్దం మీ ఇంటికి తెచ్చుకోవచ్చు, నవలలోని సందు ఎక్కడికీ పోదు. ఏది చేసినా ఆ పదకొండు వాచీల సంగతి దసరా కంటే ముందే చూడండి. ఆదివారం మీరిచ్చిన కీ మర్నాటి రాత్రికల్లా అయిపోతుంది, వారంలో మిగిలిన రోజులన్నీ అవి ఆగే ఉంటున్నాయి. ప్రతి వాచీకీ దారంతో కట్టిన చీటీ మీద పేరు, ఫోన్ నంబరు, తీసుకోవలసిన తేదీ మీ నాన్నగారి చేతిరాతలో ఉన్నాయని రాశారు. వచ్చే ఆదివారం అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. నవలలోని పాపకు ఆరేళ్లే, చదవడం రాదు. మీ అమ్మాయికి పదేళ్లు, ఆ చీటీలు ఒక్కొక్కటీ పైకి చదివి వినిపిస్తుంది, మీరు ఫోన్ చేయండి.